నిండు గింజ

గుంతకల్లు,
ఆదివారం పొద్దున.

అక్కకు,

నీ తమ్ముడు సుబ్బరాయుడు ఇంత దూరం నుంచే నీ కాళ్లకు దండం పెట్టి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను, నీ కూతురు వసంత, అల్లుడు అందరం బాగున్నాం. అక్కడ నువ్వు, నీ మోకాళ్లు, నీ పాడి ఎనుము కూడా బాగున్నారని అనుకుంటున్నాను. ఎనుము గురించి నాకు బెంగ లేదు, దాన్ని చూసుకోవడానికి నువ్వున్నావు. నీ మోకాళ్ల గురించే నమ్మకం లేదు. అవి నొప్పి పెట్టినా నువ్వు ఎవరికీ చెప్పవు. అక్కడ వాన పడిందా? ఇక్కడ మబ్బు వస్తోంది, చూసి పోతోంది.

ఫోనులో నీకు సగం మాటలు వినపడవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. దీన్ని నీకు చదివి వినిపించేది మన తమ్ముడు నారాయణ భార్య సరోజే అని తెలుసు. అమ్మా సరోజా, నీకు ముందే ఒక మాట. ఇందులో నీ మొగుడిని అక్కడక్కడా తిడతాను. ఆ చోట్ల గొంతు తగ్గించకుండా, పంక్తి దాటెయ్యకుండా, ఉన్నది ఉన్నట్టు చదువు. నిన్ను మాత్రం ఏమీ అనను. ఇన్నేళ్లు నాకు వేళ తప్పకుండా సంగటి పెట్టినదానివి.

అక్కా, నా వేలి సంగతి మొదటినుంచీ రాస్తాను. నీకు తెలిసిందే అయినా, నారాయణ చెప్పిన తీరు వేరు, జరిగిన తీరు వేరు అయి ఉంటుంది. చేనిగట్టు మీద ముల్లు గుచ్చుకున్నప్పుడు నాకు నొప్పే తెలియలేదు. చక్కెర జబ్బు ముదిరినవాడి కాలికి కబురు ఆలస్యంగా అందుతుంది. బొటనవేలు వాచినప్పుడు కూడా చెప్పు బిగుతైందని చెప్పును తిట్టాను. చీము పట్టి, అంచు నల్లబడ్డాక కల్యాణదుర్గంలో చూపిస్తే, ఆ డాక్టరు వేలు తీసేయడమే మంచిది అన్నాడు. ఇంటికి వచ్చి చెప్పాను. అప్పుడు మన నారాయణ, నేను భుజాన ఎక్కించుకుని తిప్పిన నారాయణ, తింటున్న పళ్లెం మీదనుంచి తల కూడా ఎత్తకుండా అన్నాడు:

“ఏమైతాది లేన్నా, వేలే కదా పొయ్యేది. నువ్వేమన్నా పరుగు పందేలకు పోవల్లనా? కుచ్చోని పేపరు సదివేటోనికి ఒక వేలు లేకుంటే ఏమప్పా?”

సరోజా, ఈ ముక్క ఇంకోసారి చదువు.

నేను కంబదూరు గ్రంథాలయంలో పనిచేసి రిటైరైనవాణ్ణే గానీ, ఆ గ్రంథాలయానికి మన ఊరినుంచి నడిచి పోయి నడిచి వచ్చినవాణ్ణి. నా కాళ్లు నన్ను ఎక్కడెక్కడికి మోశాయో వాడికేం తెలుసు? వాడు తీసుకెళ్లి తిరిగి ఇవ్వని పుస్తకాల సంగతి కూడా నేను మరిచిపోలేదు. అది వేరే ఉత్తరం.

మరుసటి రోజే నీ కూతురు బస్సు దిగింది. ఇంట్లోకి వచ్చి మంచినీళ్లు కూడా తాగకుండా, “మామను నేను పిల్చుకపోతాండా. మా ఊర్లో డాక్టరమ్మకు చూపిస్తా. వేలు తియ్యల్లనో వద్దో ఆయమ్మ చెప్పనీ” అంది. నువ్వు లోపలికి పోయి శెనక్కాయల మూట తెచ్చి బస్సులో నా కాళ్ల దగ్గర పెట్టావు. ఆ మూట గుర్తు పెట్టుకో. దాని కథే ఇదంతా.

ఇక్కడి బతుకు గురించి చెబుతాను. వాళ్లుండేది రైల్వే క్వార్టర్సు. రైలు పోయినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. మొదట్లో ఉలిక్కిపడేవాణ్ణి, ఇప్పుడు రైలు ఆలస్యమైతే దిగులుగా ఉంటుంది. అల్లుడు రైలు నడుపుతాడు కదా, ఎప్పుడు వస్తాడో ఎప్పుడు పోతాడో అతనికే తెలియదు. మంచివాడు. ఎక్కువ మాట్లాడడు. మన ఇంట్లో పిల్లను చేసుకున్నాక అతనికి మాట్లాడే అవకాశం ఎక్కడ వచ్చిందిలే. ఎదురింటివాళ్లది తమిళం, పక్కింటివాళ్లది కన్నడం, పైనున్నవాళ్లది ఏ భాషో ఇంకా తేల్చుకోలేదు. వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు తిరగేస్తుంటే అందరూ నవ్వుతూ పోతారు గానీ, “ఏమి రాసినారన్నా ఈ పొద్దు?” అని ఆగి అడిగేవాడు ఒక్కడూ లేడు. మన అరుగు మీద అడిగేవాళ్లు ఎక్కువై విసుక్కునేవాణ్ణి. వాళ్లలో సగం మంది దద్దమ్మలే. అయినా అడిగేవాళ్లు.

ఇప్పుడు డాక్టరమ్మ. వయసు తక్కువ, ఓపిక ఎక్కువ. వేలిని అటూ ఇటూ తిప్పి చూసి, రక్తం తీయించి, మందులు రాసి, రోజూ కట్టు మార్చుకోవాలని చెప్పి, ఆ తర్వాత అడిగింది.

“పెద్దాయనా, పొద్దున ఏం తింటారు?”

“సంగటి.”

“మధ్యాహ్నం?”

“సంగటే. దాంట్లోకి శెనక్కాయల ఊరుబిండి.”

“రాత్రికి?”

“పొద్దుటి సంగటి మిగలకుంటే అన్నం.”

ఆమె కాగితం పక్కన పెట్టి నవ్వింది. “అయితే ఇకమీదట సంగటి వద్దు, అన్నం వద్దు, రొట్టె వద్దు. ఆ ఊరుబిండి ఒక్కటి ఉంచుకోండి” అంది. అంటే శెనక్కాయలు, బాదం, అక్రోట్లు, కొబ్బరి, నెయ్యి, గుడ్లు, ఆకుకూరలు. పిండి పదార్థం బాగా తగ్గించి, కడుపు కొవ్వుతో నింపాలట. చక్కెర కిందికి దిగాలంటే నా ఒంటికి ఇదే దారి అని ఆమె లెక్క. అందరికీ ఇది సరిపడదని, మాత్రలు మాత్రం నా అంతట నేను మానకూడదని, చక్కెర దిగేకొద్దీ వాటిని తనే తగ్గిస్తానని గట్టిగా చెప్పింది.

నాకు ఒళ్లు మండింది అక్కా. ఎందుకంటావా? గ్రంథాలయంలో కూర్చున్నన్నాళ్లూ ప్రతి ఆదివారం ఆరోగ్యం పేజీ చదివినవాణ్ణి. శెనక్కాయలో నూనె ఉంది, నూనె తింటే గుండె పోతుంది అని ఎన్ని రకాలుగా రాశారు! మన చేలో పండిన కాయను మనమే అనుమానంగా చూసేట్టు చేశారు. ఉడకబెట్టిన కాయల తట్ట ముందర కూర్చుని, పేపరులో రాశారని గుప్పెడుతో లేచిపోయేవాణ్ణి. నాలుగు ముద్దల సంగటి మాత్రం పుణ్యం అనుకుంటూ మింగేవాణ్ణి. “ఇన్నాళ్లు వద్దన్నది ఇప్పుడు మందెట్లయిందమ్మా?” అని అడిగితే డాక్టరమ్మ, “అప్పుడు ఎవరు వద్దన్నారు?” అంది. పేపరులో రాసినాయనల పేర్లు చెప్పబోయాను. వసంత నా చెయ్యి గిల్లింది.

రేపు ఇంకొకాయన వచ్చి ఇది కూడా తప్పంటాడేమో. అయినా డాక్టరమ్మ ఒక మాట అంది, దానికి ఒప్పుకున్నాను. “ఈ నెల చూద్దాం. చక్కెర దిగి, పుండు అంచు ఎర్రబడితే వేలు ఉంటుంది. నలుపు పైకి ఎక్కితే నేను కూడా కల్యాణదుర్గం డాక్టరు చెప్పిందే చెప్తాను.”

ఆ ఆస్పత్రి బెంచీ మీదే పాత శత్రువు ఒకడు దొరికాడు. మండీలో కాయలు కొనే శెట్టి గుర్తున్నాడా? నాయన బండి కట్టుకుని గుంతకల్లుకు వస్తే మూటలోనుంచి గుప్పెడు తీసి, చిదిపి, నిండు గింజ తన నోట్లో వేసుకుని, తాలు కాయ నాయన చేతిలో పెట్టి, “తాలెక్కువుండాదప్పా” అని ధర తెగ్గొట్టేవాడే, ఆ శెట్టి. ఇప్పుడు ముసలాయన. చక్కెర వల్ల ఆయన కాలికి ఇప్పటికే రెండు వేళ్లు పోయాయి. ఒళ్లో చిన్న డబ్బా, అందులో కోడలు పెట్టిచ్చిన ఉడకబెట్టిన కాయలు. ఆయనకూ అదే తిండి రాశారు. నేను అడగకుండానే డబ్బాలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసి, చిదిపి, నోట్లో వేసుకుని అన్నాను:

“తాలెక్కువుండాదే శెట్టీ.”

ఆయన నా మొహం చూశాడు. గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

“అబ్బా! ఆ బండాయన కొడుకువా నువ్వు? ఇన్నేండ్లు కడుపులో పెట్టుకున్నావా ఈ మాట?”

“యాడ పెట్టుకుంటి? ఇప్పుడు బయట పెడితి కదా.”

“పెట్టినావులే. ఇంగ సర్దుకో. ఈ పక్కకు రా, నీడ ఉండాది.” తర్వాత నా కట్టు వైపు చూసి నెమ్మదిగా అన్నాడు. “నాకు పోయినాయి. నీకు ఉండాయి. చెప్పినట్ల తిను అప్పా. స్టేషన్ కాడ బొరుగుల ఉగ్గాని జోలికి మాత్రం పోవద్దు. నా వేళ్లను ఆ ఉగ్గానే తినింది.”

ఇప్పుడు మేమిద్దరం కట్టు మార్పించుకోవడానికి ఒకే వేళకు పోతాం. ఇక్కడ నాతో పోట్లాడే మనిషి ఆయనొక్కడే. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. ఈ మాట ఆయనకు చెప్పలేదు, చెప్పను.

ఇంతకీ ఏం జరిగిందో విను. వసంత పొద్దున ఒక గిన్నె, సాయంత్రం ఒక గిన్నె నా ముందర పెట్టేది. నీ మూటలోని కాయలు ఒలిచి, దోరగా వేయించిన గింజలు, వాటితో బాదం, అక్రోటు ముక్కలు. నేను పేపరు చదువుతూ తినేవాణ్ణి. గిన్నె ఖాళీ అయ్యేది. మధ్యాహ్నం నెయ్యి వేసిన ఆకుకూర, గుడ్లు. అయినా ఆకలి. కడుపులో ఎవరో కుర్చీలు జరుపుతున్నట్టుండేది. సాయంత్రం నడక పేరుతో బయటికి పోయి, శెట్టి ఎంత చెప్పినా వినకుండా, స్టేషను దగ్గర ఉగ్గాని, ఒక బజ్జీ తినేవాణ్ణి. బొరుగుల్లో ఏముంటుంది, అంతా గాలే కదా అనుకున్నాను. ఇంత చదివిన తలకాయకు బొరుగులు కూడా బియ్యమేనన్న సంగతి తట్టలేదు.

మళ్లీ పోయినప్పుడు డాక్టరమ్మ రక్తం లెక్క చూసి మొహం ముడుచుకుంది. చక్కెర దిగలేదు. పుండు అంచు నల్లగానే ఉంది. ఆమె నన్ను కాదు, వసంతను అడిగింది. “చెప్పినవన్నీ పెడుతున్నారా అమ్మా? ఇట్లా అయితే వేలు నిలవదు. వచ్చేవారం చూసి తేల్చేద్దాం.” వసంత తల వంచుకుంది. ఇంటికి రాగానే, సంగతి తెలిసి, నాలుగో ఇంటికి వినబడేట్టు నారాయణ ఫోను. “నేను ముందే చెప్పలేదా! ఆడదాని మాట ఇని పోయినాడు. ఇప్పుడు పాదం దాకా ఎక్కితే ఎవురు జవాబుదారీ?” అని. నీ కూతురు ఫోను పెట్టేసి వంటింట్లోకి పోయింది. గిన్నెలు గలగలమన్నాయి. రైలు రాలేదు అక్కా. ఆమే తోముతోంది.

మరుసటి రోజు నా గూడు దులుపుతూ, పుస్తకాల వెనక ఉన్న పాలపొడి డబ్బా తీసింది. ఖాళీ డబ్బా అనుకుని తీస్తే బరువుగా ఉంది. మూత తీసి పేపరు పరిచి కింద కుమ్మరించింది. గింజలు. ఒక్కటీ పగిలింది లేదు, ఒక్కటీ ముడత పడింది లేదు. ఎర్రగా, నిండుగా, ఒకదాన్ని మించి ఒకటి. మధ్యలో బాదం గింజలు, అవి కూడా నిండువే.

“మామా, ఏందిది?”

చూశాను. నిజం చెబుతున్నాను అక్కా, ఒక్క క్షణం నాకూ అర్థం కాలేదు. డబ్బా నాదే, దాన్ని గూట్లో పెట్టింది నేనే. రోజూ ఇంత ఇంత అందులో వేసింది కూడా ఈ చెయ్యే. కానీ వేస్తున్నానని ఎప్పుడూ అనుకోలేదు. నోటినుంచి ఒకే మాట వచ్చింది.

“విత్తనం.”

వసంత ఒక గింజ తీసి నా మొహం ముందర పెట్టింది. తర్వాత మొదలుపెట్టింది.

“ఇత్తనమా? యాడ చల్లుతావు మామా దీన్ని, రైలు పట్టాల మీదనా? వేంచిన గింజ మొలుస్తాదా? బాదాం గూడ ఇత్తనమేనా నీకు? నేను మంచివి ఏరి ఏరి పెడతాంటే, నువ్వు నూకలు తిని, మంచివన్నీ ఈడ దాచి, ఆకలైతాందని ఉగ్గాని తింటాండావా? ఆ డాక్టరమ్మ ముందర నేను తల వంచుకోని నిలబడితి కదా మామా!”

ఉగ్గాని సంగతి ఎట్లా తెలిసిందని అడిగాను. చొక్కా జేబులో బజ్జీ కాగితం అంది. ఇన్ని పుస్తకాలు చదివి కాగితం పారెయ్యడం నేర్చుకోలేదు.

ఆ చెయ్యి ఎట్లా తయారైందో నీకు చెప్పాలా? మన వసారాలో విత్తనాలు ఒలిచే రోజులు. కాయల రాశి చుట్టూ అందరం కూర్చునేవాళ్లం. నిండు గింజ గంపలోకి, అది చేనికి. ముడత పడింది, పగిలింది చేటలోకి, అది మన నోటికి. నాయన గుమ్మంలో మంచం వేసుకుని, “మాట్లాడతా ఒలవండి! ఎవురి నోరు ఊరికే ఉండాదో వాళ్లు ఇత్తనం నములుతాండారని నాకు తెల్సు” అనేవాడు. అందుకని అందరం ఆగకుండా మాట్లాడేవాళ్లం. పాటలు, కథలు, ఊళ్లో వాళ్ల మీద చాడీలు. మన ఇంట్లో అందరికీ ఇంత నోరు ఉందని ఊరు ఆడిపోసుకుంటుంది. అది నోరు కాదు, నాయన కాపలా. నోరు మాట్లాడుతూ ఉంటే చెయ్యి తన పని తాను చేసుకుపోయేది. నోరు ముసలిదైంది గానీ, చెయ్యి ఇంకా నాయన మాటే వింటోంది. నిండు గింజ నాది కాదు, చేనిది.

తర్వాతి పొద్దున గిన్నె వచ్చింది. గింజలన్నీ బద్దలు. శెనక్కాయ గింజ ఒక్కోటీ రెండుగా, బాదం కూడా కత్తితో రెండుగా. నేను గమనించలేదు. పేపరు చదువుతూ అన్నీ తిన్నాను. సాయంత్రం గిన్నె కూడా అంతే. కడుపు నిండింది. స్టేషను వైపు కాళ్లు పోలేదు. శెట్టి కూడా, “ఏమప్పా, ఈ మధ్య నీ మొగంలో ఉగ్గాని కనపడలే” అన్నాడు. కొన్ని రోజులు ఇట్లాగే జరిగాక, ఒక మధ్యాహ్నం మంచినీళ్లకని వంటింట్లోకి పోయాను. వసంత కుట్టుమిషను మీద జాకెట్టు సగంలో వదిలేసి నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో చేట. ఒక్కో గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కుతోంది. టప్. రెండు బద్దలు గిన్నెలోకి. ఇంకొకటి. టప్.

“ఏం చేస్తాండావు మా?” అన్నాను.

“నీ చెయ్యి బాగుండే గింజను తిననియ్యదు కదా మామా. నీ చేత్తో నేను కొట్లాడలేను. అందుకే గింజతో కొట్లాడతాండా.”

“ఇది ఎవురు నేర్పించినారు నీకు?”

“ఎవురేంది? అమ్మే. నా చిన్నప్పుడు ఇత్తనాలు ఒలిచేటప్పుడు గోటితో ఇట్ల నొక్కి, ‘అయ్యో, పగిలిపాయె పాపా, నోట్లో ఏసుకో’ అంటాండె. నేను నిజంగానే పగిలినాయనుకుంటాంటి.”

అక్కా, నేను నీళ్లు తాగకుండానే వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

మన వసారాలో నువ్వు నా పక్కనే కూర్చునేదానివి. నీ చేట ఎప్పుడూ నా వైపుకే ఉండేది. అందరి చేటల్లో కంటే నీ చేటలో పగిలినవి ఎక్కువ. నాయన చూసి అనేవాడు: “ఈ పిల్లది మొద్దు చెయ్యి. ఇత్తనమంతా నాశనం చేస్తాది.” అందరూ నవ్వేవాళ్లు. నువ్వు ఇంకా వంగి ఒలిచేదానివి. ఆ పేరు నీకు అట్లాగే నిలిచిపోయింది. నిన్ను చూడ్డానికి వచ్చినవాళ్లతో కూడా నాయన, “అన్ని పనులు వచ్చు గానీ చెయ్యి కొంచెం మొద్దు” అని నవ్వుతూ చెప్పాడు. నువ్వు గుమ్మం వెనక నిలబడి విన్నావు. నేను నీ పక్కనే ఉన్నాను, నా నోట్లో బద్దలు ఉన్నాయి. అందరిలాగే నేనూ నమ్మాను.

ఎన్ని చదివినా, నాయన మాట తప్పని ఆ మధ్యాహ్నం దాకా నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మొద్దు చెయ్యి కాదు. ఆ వసారాలో అంత తెలివైన చెయ్యి ఇంకొకటి లేదు. నాయన కళ్ల ముందరే, ఆయన పెట్టిన నియమం తప్పకుండానే, నిండు గింజను నా నోట్లోకి దాటించింది. తిట్లు నువ్వు తిన్నావు, గింజలు నేను తిన్నాను. నేను చాలామంది మీద కక్ష పెట్టుకున్నాను. పేపరువాళ్ల మీద, నారాయణ మీద, శెట్టి మీద. ఇప్పుడు చచ్చిపోయిన నాయన మీద కూడా ఒకటి పెట్టుకున్నాను, దాన్ని ఇక్కడే తీర్చేస్తున్నాను. సరోజా, ఈ ముక్క వసారాలో నిలబడి చదువు. నారాయణను కూడా పిలిచి వినమను. మా అక్కది మొద్దు చెయ్యి కాదు. ఆ మాట అన్నవాడు తప్పు. నవ్వినవాళ్లందరూ తప్పు.

ఇంక వేలి సంగతి. నిన్న డాక్టరమ్మ దగ్గరికి పోయాం. కట్టు విప్పి, భూతద్దం పెట్టుకుని చూసింది. వసంత నా భుజం పట్టుకుని ఉంది, ఆ పట్టు ఇంకా నొప్పిగా ఉంది. డాక్టరమ్మ తల ఎత్తి, “రండి, మీరూ చూడండి” అని వసంతను పిలిచింది. నలుపు ఆగిపోయింది. అంచు చుట్టూ లేతగా, ఎర్రగా కొత్త చర్మం వస్తోంది. చక్కెర కూడా దిగింది. “వేలు మీదే పెద్దాయనా” అంది. ఇది గింజల వల్లనా, మందుల వల్లనా, కట్ల వల్లనా అని అడిగాను. “అన్నీ కలిస్తేనే. దేన్నీ మానొద్దు” అంది. వసంత ఈసారి తల వంచుకోలేదు. బయటికి వచ్చి బెంచీ మీద శెట్టి పక్కన కూర్చుని, ఏడ్చి, మొహం తుడుచుకుని, ఆయన డబ్బాలోనుంచి రెండు కాయలు తీసుకుని తిన్నది. శెట్టి, “ఇంటిల్లిపాదీ నా డబ్బా మీదే పడతిరి కదప్పా” అన్నాడు. ఆయన కళ్లు కూడా తడిగానే ఉన్నాయి, పొగ అని చెప్పాడు. అక్కడ పొగ లేదు.

కాబట్టి నారాయణకు చెప్పు, వాడి అన్న పది వేళ్లతోనే ఉన్నాడని. వానలకు ముందు వచ్చి చేనిగట్టు మీద నడుస్తాను, ఈసారి చెప్పులు కాదు, డాక్టరమ్మ చెప్పిన బూట్లు వేసుకుని. వాడు నవ్వితే నవ్వనీ.

చిన్న చిన్న పనులు కొన్ని ఉన్నాయి. నా ట్రంకులో పుస్తకాల మధ్య కలరా ఉండలు వెయ్యమని సరోజకు చెప్పు. నా అరుగు మీద ఎవరైనా పేపరు చదువుతుంటే చదవనీ, మడతలు మాత్రం సరిగా పెట్టమను. నీ చేతి ఊరుబిండి కొంచెం పంపు. ఇక్కడ వసంత చేసేది బాగానే ఉంటుంది, కానీ రోటిలో నూరింది కాదు. మిక్సీలో వేస్తుంది. ఈ మాట మాత్రం ఆమెకు చెప్పొద్దు. నీ మోకాళ్లకు ఆ డాక్టరమ్మను అడిగి ఏదన్నా రాయించి పంపుతాను. నువ్వు వద్దంటావు. నేను పంపుతాను.

వచ్చే వారం వసంత ఊరికి వస్తుంది. ఆమెతో ఆ పాలపొడి డబ్బా పంపుతున్నాను. ఆ నిండు గింజలన్నీ అందులోనే ఉన్నాయి, నీ మూటలోవే. వసంత వాటిని ఇంకోసారి వేడి చేసి పెట్టింది. అవి చేనికి కాదు. వేయించినవి ఎట్లాగూ మొలవవు. నారాయణకు కాదు, ఎనుముకూ కాదు, వచ్చినవాళ్ల చేతిలో పెట్టడానికీ కాదు. నీకు. పళ్లు సరిగా లేవంటావని తెలుసు, రాత్రి నానబెట్టుకో. మెత్తబడతాయి.

ఇంతకాలం నువ్వు చేటలో మిగిలిందే తిన్నావు. ముందు నాకు, తర్వాత నీ కూతురికి పగలగొట్టి పెట్టావు. నువ్వు ఒక నిండు గింజ నోట్లో వేసుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు వేసుకో అక్కా. ఒక్కొక్కటే. పగలగొట్టకు. సరోజ ఎదురుగా కూర్చుని చూసి, నువ్వు తిన్నావని నాకు ఫోనులో చెప్పాలి. మాట్లాడుతూ తినాల్సిన పని లేదు. నోరు మూసుకుని నిదానంగా నములు. గుమ్మంలో ఇప్పుడు ఎవరూ కూర్చుని లేరు.

ఊళ్లో పెద్దలందరికీ నా నమస్కారాలు. చిన్నవాళ్లకు నా దీవెనలు. సరోజకు, నా మీద కోపం రాకుంటే నారాయణకు కూడా. నీ చెయ్యి ఎప్పటిలాగే నా తల మీద ఉండాలని కోరుకుంటూ,

నువ్వు పగలగొట్టి పెట్టిన గింజలు తిని పెరిగిన
నీ తమ్ముడు,
సుబ్బరాయుడు.